1942 జపాను భయం: తీరాంధ్ర, మద్రాసు వలసలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాను సేనలు భారత తూర్పు తీరం మీద దిగబోతున్నాయన్న అనుమానంతో, 1941 డిసెంబరు నుంచి 1942 వేసవి దాకా, మద్రాసు ప్రెసిడెన్సీలోని తీర పట్టణాల జనం పెద్ద ఎత్తున లోపలి జిల్లాలకు తరలిపోయారు. మద్రాసు, విశాఖపట్నం, కాకినాడ ఈ కలవరానికి కేంద్రాలు. తెలుగువాళ్ల జ్ఞాపకంలో ఇది బాంబుల భయంగానే మిగిలింది. తేదీలు చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. తెలుగు తీరం మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. జనం మద్రాసు విడిచిపోవడం అంతకు నాలుగు నెలల ముందే మొదలైంది. బాంబుల కంటే ముందు వాళ్లకు కనిపించింది ప్రభుత్వం చేస్తున్న ఏర్పాట్లు. ఈ ఏర్పాట్లు మనల్ని కాపాడటానికా, మనల్ని వదిలి పోవడానికా అన్న అనుమానం ఊరూరా పుట్టింది. ఆ అనుమానానికి గట్టి ఆధారమే ఉంది.

రంగూన్ నుంచి వచ్చిన మనుషులు

గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కూలీలకు బర్మా రెండో ఊరు లాంటిది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా వాళ్లే. రేవులో బస్తాలు మోసేవాళ్లలో, బియ్యం మిల్లుల కూలీలలో, రిక్షా లాగేవాళ్లలో తెలుగువాళ్లు ఎక్కువ. తీరంలోని రేవుల్లో స్టీమరెక్కి వెళ్లి, కొన్నేళ్లు కష్టపడి, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చే రాకపోకలు తరాలుగా సాగాయి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. క్రిస్మస్ రోజున మళ్లీ వేశాయి. కూలీలు పనులు వదిలేసి నగరం దాటారు. ఓడల్లో చోటు దొరికినవాళ్లు మద్రాసు, విశాఖ, కలకత్తా చేరుకున్నారు. దొరకనివాళ్లు ప్రోమ్ మీదుగా టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరం వెంబడి చిట్టగాంగ్ వైపు, ఉత్తరాన మణిపురం, అస్సాం కొండల వైపు నడక పట్టారు. మొత్తం మీద నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి వల్ల వేలాదిమంది దారిలోనే ప్రాణాలు విడిచారు. నీళ్లు, మకాములు ఉన్న మంచి దారిని తెల్లవాళ్లకు కేటాయించి, భారతీయులను కష్టమైన దారికి మళ్లించారన్న ఆరోపణ అప్పుడే పుట్టింది. అది దేశమంతా వ్యాపించి, రాజకీయ వేదికల దాకా వెళ్లింది. గుర్రం జాషువా ‘కాందిశీకుడు’ కావ్యానికి ఈ నడకే నేపథ్యం.

ఇలా ఇల్లు చేరినవాళ్లు చెప్పింది కేవలం జపాను బలం గురించి కాదు. అధికారులు ముందు వెళ్లిపోయారని, తమకు ఎవరూ ఏమీ చెప్పలేదని చెప్పారు. మలయాలో కూడా అదే జరిగింది. 1941 డిసెంబరు మధ్యలో పినాంగ్ దీవి నుంచి యూరోపియన్లను గుట్టుగా ఓడలెక్కించి, అక్కడి ఆసియా వాసులను వదిలేశారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. మార్చి 8న రంగూన్ జపాను చేతికి చిక్కింది. అండమాన్‌లో ఉన్న దళాన్ని బ్రిటిషువాళ్లు ముందే వెనక్కి పిలిపించుకున్నారు. మార్చి 23న పోర్ట్ బ్లెయిర్‌లో జపాను సైన్యం దిగింది. పినాంగ్, రంగూన్, పోర్ట్ బ్లెయిర్ తర్వాత వంతు ఎవరిదో ఊహించడానికి విశాఖ, మద్రాసు వాసులకు పటం అవసరం లేకపోయింది.

మద్రాసుకు ఇంకో పాత జ్ఞాపకం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు దగ్గరకు వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగలబెట్టి వెళ్లింది. అప్పుడూ చాలామంది ఊరు విడిచారు. ఆ రాత్రిని చూసినవాళ్లు 1942లో ఇంకా బతికే ఉన్నారు.

జవాబు చెప్పేవాళ్లు లేని పాలన

యుద్ధంలోకి భారతదేశాన్ని అడగకుండా దింపినందుకు నిరసనగా 1939 చివర్లో రాజగోపాలాచారి మంత్రివర్గం రాజీనామా చేసింది. అప్పటి నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 93వ సెక్షను కింద గవర్నరు పాలనలో ఉంది. గవర్నరు సర్ ఆర్థర్ హోప్, ఆయన సలహాదారులైన ఐసీఎస్ అధికారులు నిర్ణయాలు తీసుకునేవారు. శాసనసభ నడవడం లేదు. ఒక ఊరి ప్రతినిధి నిలబడి ‘మా ఊరికి విమాన విధ్వంసక తుపాకులు ఎన్ని ఇచ్చారు’ అని అడిగే చోటు లేదు. తీరం కలవరపడుతున్న రోజుల్లోనే ఢిల్లీలో, యుద్ధానికి సహకారం కోరుతూ బ్రిటన్ పంపిన క్రిప్స్ రాయబారం నడిచింది. రక్షణ శాఖ భారతీయుల చేతికి ఇవ్వాలా వద్దా అన్నది అందులో ప్రధానమైన పేచీలలో ఒకటి. 1942 ఏప్రిల్ రెండో వారంలో ఆ చర్చలు విఫలమయ్యాయి. మద్రాసును ఖాళీ చేయమని ప్రభుత్వం చెప్పింది సరిగ్గా ఆ వారంలోనే. ఈ రెండింటినీ విడదీసి చదవడం నా దృష్టిలో పొరపాటు. తమ రక్షణలో తమకు మాట లేదని తెలిసిన జనం, రక్షణ పేరుతో జరిగే ప్రతి పనినీ అనుమానంగా చూస్తారు.

కందకాలు, నల్ల కాగితాలు

ఏ.ఆర్.పి. అనే పొట్టి పేరుతో విమాన దాడుల రక్షణ దళాన్ని పట్టణాల్లో ఏర్పాటు చేశారు. వార్డెన్లకు ఇనుప టోపీలు, విజిళ్లు ఇచ్చారు. పార్కుల్లో, మైదానాల్లో వంకర టింకరగా కందకాలు తవ్వారు. బాంబు ఒక కొసన పడితే దాని ముక్కలు కందకం పొడవునా దూసుకుపోకుండా ఉండటానికే ఆ వంకరలు. ఆఫీసుల ముందు ఇసుక బస్తాలు పేర్చారు. అద్దాలు పగిలి చిమ్మకుండా కిటికీలకు అడ్డంగా కాగితపు పట్టీలు అతికించారు. వీధి దీపాలకు, మోటారు కార్ల దీపాలకు నల్ల ముసుగులు తొడిగారు. రాత్రి సైరన్ మోగితే దీపాలు ఆర్పాలి. కిటికీలోంచి వెలుగు కనిపిస్తే వార్డెన్ వచ్చి తలుపు కొట్టేవాడు.

ఇవన్నీ అవసరమైన పనులే. 1940లో లండన్ నగరాన్ని నిలబెట్టినవాటిలో ఇవీ ఉన్నాయి. కానీ లండన్ కందకాల పైన ఆకాశంలో కాపలా కాసే యుద్ధ విమానాలు ఉండేవి. ఇక్కడ ఆకాశం ఖాళీ. తీరాన్ని కాచడానికి సరిపడా విమానాలు గానీ, తుపాకులు గానీ తూర్పు తీరంలో లేవు. కందకం చూపించి ధైర్యం చెప్పబోతే, తుపాకీ ఎక్కడుందని జనం అడిగారు. ఆ మాట బయట అనడం కూడా ప్రమాదమే. యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనల కింద వదంతులు పుట్టించడం, భయం వ్యాపింపజేయడం శిక్షార్హమైన నేరాలు. జనంలో ఓటమి భావం పోగొట్టడానికి 1942 మార్చిలో వైస్రాయి లిన్‌లిత్‌గో ‘నేషనల్ వార్ ఫ్రంట్’ అనే ప్రచార ఉద్యమాన్ని ప్రారంభించాడు. ఒక చేత్తో ధైర్యం చెప్పే పోస్టర్లు, రెండో చేత్తో దూరప్రాంతాలకు ఫైళ్ల పెట్టెలు. ఆఫీసు గుమాస్తాలు ఆ పెట్టెలు కట్టారు. సాయంత్రం ఇంటికెళ్లి ఏం కట్టారో చెప్పారు. ఏ సెన్సారూ ఆ మాటను ఆపలేకపోయింది.

ఏప్రిల్ 6

1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు అడ్మిరల్ నగుమో నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో మరో జపాను దళం బంగాళాఖాతంలోకి వచ్చి, కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలను ముంచింది. ఆ దళంలోని ర్యుజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖలో రేవు ప్రాంతం దెబ్బతింది. ప్రాణనష్టం సింగపూర్, రంగూన్‌లతో పోలిస్తే స్వల్పం. బ్రిటిషు తూర్పు నౌకాదళం తూర్పు ఆఫ్రికా వైపు తప్పుకోవడంతో బంగాళాఖాతం కొంతకాలం జపాను చేతిలో ఉన్నట్టే అయింది.

ఆ బాంబుల తర్వాత విశాఖ చాలావరకు ఖాళీ అయింది. రేవు పెట్టి పదేళ్లు కూడా కాలేదు, 1933లో తెరిచారు. దాని పక్కనే వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. బాంబుల తర్వాత పని ఆగింది, యంత్రాలు బొంబాయికి తరలిపోయాయి. అక్కడ కట్టిన మొదటి పెద్ద ఓడ ‘జల ఉష’ నీటిలోకి దిగడానికి 1948 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరుకు మారింది. దాని ఆవరణ సైన్యం వాడకంలోకి వెళ్లింది. యుద్ధం ముగిశాకే విశ్వవిద్యాలయం తిరిగొచ్చింది. జపాను దిగితే ఎదుర్కోవడానికి బీచి పొడవునా కట్టిన కాంక్రీటు పిల్‌బాక్సులలో కొన్ని విశాఖ ఇసుకలో ఇప్పటికీ ఉన్నాయి. మందమైన గోడ, తుపాకీ గొట్టం పట్టేంత సన్నని కంత, లోపల కొద్దిమంది ఇరుకుగా నిలబడగల చోటు. వాటిలోంచి జపాను సైనికుడి మీద ఒక్క తూటా కూడా పేల్చాల్సిన అవసరం రాలేదు.

మద్రాసు ఖాళీ

1941 లెక్కల ప్రకారం మద్రాసు జనాభా 7.77 లక్షలు. ఆ నగరంలో చెప్పుకోదగిన సంఖ్యలో తెలుగు కుటుంబాలు, తెలుగు పత్రికలు, సినిమా కంపెనీలు ఉండేవి. విశాఖ మీద దాడి జరిగిన తర్వాత, జపాను దండు ఓడలెక్కి మద్రాసు వైపు వస్తోందన్న సమాచారం గవర్నరుకు చేరింది. అది తప్పుడు సమాచారం. జపానుకు అప్పుడు భారతదేశంలో దిగే పథకమే లేదు. కానీ ఆ రోజుల్లో తేల్చి చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. ఏప్రిల్ రెండో వారంలో, నగరంలో ఉండాల్సిన అవసరం లేనివాళ్లు వెంటనే వెళ్లిపోవడం మంచిదని ప్రభుత్వం ప్రకటించింది.

నెలల తరబడి భయపడొద్దని చెప్పిన నోటితోనే ఇప్పుడు వెళ్లిపొమ్మన్నారు. ప్రకటన కంటే దాని వెనక జరిగిన పనులు ఇంకా గట్టిగా వినిపించాయి. సచివాలయం ఊటీకి వెళ్లింది. హైకోర్టు కోయంబత్తూరుకు మారింది. ప్రభుత్వ రికార్డులను చిత్తూరు జిల్లాకు, ప్రాచ్య లిఖిత గ్రంథాలయాన్ని తిరుపతికి తరలించారు. తాటాకు ప్రతులను కాపాడటం నిజంగా మెచ్చుకోవలసిన పని. మరోచోట దొరకని తెలుగు ప్రతులెన్నో ఆ పెట్టెల్లో ఉన్నాయి. అయితే పుస్తకాలకు దొరికినంత శ్రద్ధగా కట్టిన రైలు ప్రయాణం కూలి మనిషికి దొరకలేదు. సెంట్రల్, ఎగ్మూరు స్టేషన్లలో పెట్టెల్లోకి ఎక్కగలిగినవాళ్లు ఎక్కారు. మిగిలినవాళ్లు బళ్లు కట్టుకుని, నడిచి వెళ్లారు. లోపలి జిల్లాల్లో బంధువులున్నవాళ్లకు గడిచింది. ఊరే లేని పట్నపు పేదలు చాలామంది ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు.

ఆ ఏప్రిల్‌లో మద్రాసువాళ్లు ఎన్నటికీ మరిచిపోలేని పని ఒకటి జరిగింది. రిప్పన్ భవనం వెనకనున్న పీపుల్స్ పార్కులో అప్పట్లో జంతుప్రదర్శనశాల ఉండేది. బాంబులు పడి బోనులు విరిగితే క్రూరమృగాలు వీధుల్లోకి వస్తాయని భయపడి, మలబార్ స్పెషల్ పోలీసులను పంపి సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లను కాల్చి చంపించారు. పిల్లలు ఆదివారాలు వెళ్లి చూసే జంతువులవి. అధికారుల లెక్కలో అది ముందుజాగ్రత్త. నగరం దాన్ని వేరుగా అర్థం చేసుకుంది. బోనులో ఉన్నవాటిని కూడా చంపుకుంటున్నారంటే, ఈ ఊరిని నిలబెట్టుకునే ఉద్దేశం వాళ్లకు లేదన్న మాట. బాంబులు పడలేదు. బోనులు విరగలేదు.

చిల్లర మాయం

ప్రభుత్వం మీద నమ్మకం ఎంత తగ్గిందో డబ్బు విషయంలో తెలిసిపోయింది. ఫ్రాన్సు ఓడిన 1940 జూన్‌లోనే దేశంలో పోస్టాఫీసు పొదుపు ఖాతాల నుంచి డబ్బు తీసుకోవడం, వెండి రూపాయలు దాచుకోవడం మొదలైంది. ప్రభుత్వం ఒక రూపాయి నోటు అచ్చు వేసింది, రూపాయిలో వెండి పాలు సగానికి తగ్గించింది. సింగపూర్ పడ్డాక ఈ దాపరికం చిన్న నాణేలకూ పాకింది. రాజు బొమ్మ నోటు, రాజు పోతే చిత్తుకాగితం అవుతుంది. నాణెంలోని లోహం మాత్రం ఎవరు రాజైనా లోహమే. ఈ లెక్క అక్షరం రానివాళ్లకూ బాగా తెలుసు. బజారులో చిల్లర దొరకడం కష్టమైంది. 1943లో లోహం ఆదా చేయడానికి మధ్యలో రంధ్రం పెట్టి పైసా కొట్టారు. ఆ చిల్లుకానీ మన మాటల్లో ఇప్పటికీ చెల్లుబాటులోనే ఉంది.

పిరికితనమా, లోకజ్ఞానమా

నాటి అధికారుల రాతల్లో ఈ వలసకు ‘పానిక్’ అని పేరు. జనం బెదిరిపోయారని, వదంతులు నమ్మారని రాశారు. చరిత్రకారుడు ఇందీవర్ కామ్తేకర్ 2002లో రాసిన వ్యాసం ఈ చూపును తిరగేసింది. ముందు వణికింది పాలకులేనని, ఆ వణుకును జనం గమనించారని ఆయన చూపించారు. నా అభిప్రాయమూ అదే. మద్రాసు కూలీ వదంతిని గుడ్డిగా నమ్మలేదు. బర్మా నుంచి నడిచి వచ్చిన తన మేనల్లుడి మాట విన్నాడు. కచేరీ నుంచి పెట్టెలు వెళ్లడం చూశాడు. రెండూ కలిపి ఒక నిర్ణయానికి వచ్చాడు. దండు వస్తుందన్న ఊహ తప్పయింది, నిజమే. దండు వస్తే ప్రభుత్వం నిలబడదన్న అంచనా మాత్రం తప్పు కాదు.

రాజకీయ పక్షాలు ఈ కలవరాన్ని వేర్వేరుగా పట్టుకున్నాయి. పట్నంలో పని లేనివాళ్లు పల్లెలకు వెళ్లడం మంచిదేనని, భయంతో మాత్రం పరుగెత్తవద్దని గాంధీ ‘హరిజన్’లో రాశారు. బ్రిటిషు ప్రభుత్వం మలయా, బర్మాలను వదిలినట్టే భారతదేశాన్నీ వదిలేస్తుందన్న ఆలోచన ఆగస్టు క్విట్ ఇండియా పిలుపు వెనక బలంగా ఉంది. 1942 ఆగస్టు 12న తెనాలి రైల్వే స్టేషన్ మీద పడ్డ జనంలో ఈ సర్కారు ఇక ఎన్నాళ్లో నిలవదన్న ధీమా ఉంది. దానికి బదులు తూటాల రూపంలో వచ్చింది. జర్మనీపై పోరును ప్రజాయుద్ధంగా చూసిన కమ్యూనిస్టులు మాత్రం జపానును ఎదుర్కోవాలని పల్లెల్లో ప్రచారం చేశారు. వాళ్ల పార్టీ మీద నిషేధం 1942 జులైలో తొలగింది, ‘ప్రజాశక్తి’ ఆ ఏడే మొదలైంది. ఈ ప్రచారంతోనే బుర్రకథకు కొత్త ఊపు వచ్చింది.

బెంగాల్ పడవలు

ప్రభుత్వ ఏర్పాట్లను చూసి జనం పడ్డ భయానికి అన్నిటికంటే ఘోరమైన రుజువు బెంగాల్‌లో దొరికింది. జపాను సైన్యం దిగితే దానికి తిండి, వాహనం దొరకకూడదని, 1942లో తీర జిల్లాల నుంచి మిగులు బియ్యాన్ని తరలించారు. పదిమందికి పైగా పట్టే పడవలను లాక్కున్నారు, లేదా ధ్వంసం చేశారు. కరువు విచారణ సంఘం లెక్క ప్రకారం 66,563 పడవల్లో మిగిలినవి సుమారు 20 వేలు. నీళ్ల మధ్య బతికే ఆ జిల్లాల్లో పడవే బండి, పడవే చేను చేరే దారి, పడవే చేపల వల. గాంధీ దీన్ని చాలా ఘాటుగా ఖండించారు. బర్మా బియ్యం ఆగిపోవడం, అక్టోబరు తుపాను, యుద్ధకాలపు ధరలు, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి ధాన్యం కదలనివ్వని నిషేధాలు దీనికి తోడయ్యాయి. 1943 కరువులో చనిపోయినవాళ్లు 15 లక్షలని ఆ సంఘం చెప్పింది. తర్వాతి పరిశోధకులు 30 లక్షల దాకా లెక్కించారు. రాని శత్రువును ఆపడానికి చేసిన ఏర్పాటు ఉన్న మనుషుల నోటి దగ్గరి కూడు తీయడంలో భాగమైంది.

తర్వాతి కాలం

జపాను నౌకాదళం ఏప్రిల్‌లోనే వెనక్కి మళ్లింది. జూన్‌లో మిడ్‌వే దగ్గర పెద్ద దెబ్బ తింది. మద్రాసు కచేరీలు, కుటుంబాలు క్రమంగా తిరిగొచ్చాయి. 1943 అక్టోబరులో ఒక జపాను విమానం నిజంగానే మద్రాసు మీద బాంబులు వేసిపోయింది. ఏడాదిన్నర ముందు బాంబు పడకుండానే ఖాళీ అయిన నగరం ఈసారి కదల్లేదు.

ఇలాంటి అనుమానం ఇతర దేశాల్లోనూ కనిపిస్తుంది. అణుయుద్ధం వస్తే ఇంట్లో ఎలా తలదాచుకోవాలో చెప్పే పుస్తకాన్ని బ్రిటన్ ప్రభుత్వం గుట్టుగా తయారు చేసుకుని, ఒత్తిడి పెరిగాక 1980లో అమ్మకానికి పెట్టింది. దాన్ని చదివి ధైర్యం తెచ్చుకున్నవాళ్ల కంటే అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమంలో చేరినవాళ్లే ఎక్కువ కనిపించారు. దీనికి భిన్నంగా స్వీడన్ 2018లో, మళ్లీ 2024 చివర్లో, యుద్ధమో విపత్తో వస్తే ఏం చేయాలో చెప్పే చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ పంపింది. ముందే, అందరికీ, ఒకే మాట చెప్పడం అక్కడి పద్ధతి.

స్వతంత్ర భారతంలో 1968లో పౌర రక్షణ చట్టం వచ్చింది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ముంగిట మునిగిన రోజుల్లో ఆ ఊరు మళ్లీ చీకట్లో గడిపింది. ఆ తర్వాత అర్ధశతాబ్దానికి పైగా సైరన్ సంగతి మరుగున పడింది.

కాశ్మీరులోని పహల్‌గాంలో జరిగిన ఉగ్రవాద దాడి తర్వాత 2025 మే 5న కేంద్ర హోం శాఖ దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాల్లో మే 7న మాక్ డ్రిల్ చేయాలని ఆదేశించింది. హైదరాబాద్‌లో సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్ డీఆర్‌డీఓ, మౌలాలి ఎన్‌ఎఫ్‌సీ దగ్గర, ఆంధ్రలో విశాఖపట్నంలో డ్రిల్ జరిగింది. చోటు, సమయం ముందే చెప్పారు. 1942తో పోలిస్తే ఇది పెద్ద తేడా. అదే రోజు తెల్లవారకముందే పాకిస్తాన్ మీద భారత సైనిక చర్య, ఆపరేషన్ సిందూర్, మొదలైంది కాబట్టి, అభ్యాసానికీ అసలు యుద్ధానికీ మధ్య గీత చెరిగిపోయింది. మే 9న అత్యవసర కొనుగోళ్ల అధికారాలు వాడుకోమని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ రోజుల్లోనే ఏటీఎంలు రెండు మూడు రోజులు మూతపడతాయన్న సందేశం ఫోన్లలో తిరిగింది. అది అబద్ధమని ప్రభుత్వ సమాచార సంస్థ ఖండించింది. పెట్రోలు, గ్యాసు నిల్వలకు కొరత లేదని, ఎగబడి కొనవద్దని ఇండియన్ ఆయిల్ ప్రకటించింది. మే 10న కాల్పులు ఆపడానికి ఒప్పందం కుదిరింది.